బొట్టు పెట్టిన అట్టలు

పోయిన ఆదివారం మా తమ్ముడి మనవరాలు సింధు యలహంకలో మా ఇంటికి వచ్చింది. వస్తూ ఒక మైసూరుపాకు డబ్బా, ఒక లాప్‌టాపు తెచ్చింది. మైసూరుపాకు లంచమని లాప్‌టాపు తెరిచాక గానీ నాకు అర్థం కాలేదు. వాళ్ళ కంపెనీలో యంత్రానికి తెలుగు నేర్పుతున్నారట. కృత్రిమ మేధ అంటే ఏమిటో, రోబో అంటే ఏమిటో అక్షరాభ్యాసం చేయించినట్టు నాకు మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది. "సింపుల్ జేజీ. దానికి మనం లక్షల ఎగ్జాంపుల్స్ చూపిస్తాం. అది ప్యాటర్న్ పట్టుకుంటుంది. మనం అర్థం చేసుకున్నట్టు కాదు, జస్ట్ ప్యాటర్న్. దానికే చేతులూ కాళ్ళూ తగిలిస్తే రోబో." సరే తల్లీ, ఇందులో నా పనేమిటి అన్నాను. "అది రాసింది నువ్వు చదివి, కరెక్టా తప్పా అని టిక్ పెట్టాలి. అంతే." మరి రాయడం? "రాయడం అది రాసుకుంటుంది జేజీ. నువ్వు పక్కన కూర్చుని చూస్తే చాలు."

జీవితమంతా రాస్తూ బతికినదాన్ని. నడుము ఒంగింది, కళ్ళకు రెండుసార్లు ఆపరేషన్ అయింది, కలం పట్టుకుంటే బొటనవేలు తిమ్మిరెక్కుతోంది. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక ఉండాలి కదా, అది లేదు. ఆలోచించి చెబుతానన్నాను. పిల్ల వెళ్ళిపోయాక మైసూరుపాకు ఒక ముక్క నోట్లో వేసుకుని కిటికీ దగ్గర కూర్చుంటే, పక్కన కూర్చుని చూస్తే చాలన్న మాట ఒక్కటే చెవిలో తిరిగింది. ఆ మాట నేను చిన్నప్పుడే విన్నాను. కాటన్‌పేటలో మా ఇంట్లో, మా నాయన నోట, మా లచ్చుమత్తతో. యంత్రం గురించి నాకు మొదటి పాఠం చెప్పింది సింధు కాదు. ఆ పాఠం నా పరికిణీల వయసులోనే అయిపోయింది.

మాది నేతపని ఇల్లు. వీధిగదిలో గుంటమగ్గం, దాని వెనక నడవ, నడవ చివర వంటిల్లు. గంజి వాసన, తడి పట్టు వాసన, వంటింట్లో రాగిసంగటి వాసన, ఈ మూడూ కలిసిన వాసనే నాకు ఇల్లంటే. పట్టు తడిసినప్పుడు ఒక రకం నీచు వాసన వస్తుంది, బయటివాళ్ళు ముక్కు మూసుకుంటారు, మాకు అది పట్టేది కాదు. పొద్దున్నే అమ్మ వాకిట్లో నీళ్ళు చల్లే చప్పుడుకు లేస్తే, అప్పటికే మగ్గం టకటకలాడుతూ ఉండేది. మా వీధిలో అన్ని ఇళ్ళలోనూ అంతే. ఎవరింట్లో మగ్గం ఆగితే పక్కింటివాళ్ళు తలుపు దగ్గరికి వచ్చి ఎవరికి జ్వరమని అడిగేవారు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, పట్టు ఇచ్చే సావుకారు దగ్గర రెండూ కలిపిన మరో భాష. మా అవ్వకు, అంటే నాయన తల్లికి, చూపు మందగించింది గానీ నోరు మందగించలేదు. నడవలో చాపమీద కూర్చుని ఇల్లంతా నడిపేది.

లచ్చుమత్త నాయనకు అక్క. పెళ్ళయిన కొన్నాళ్ళకే మొగుణ్ణి పోగొట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. వచ్చిన మర్నాడే మగ్గం పక్కన కూర్చుందట, ఇక లేవలేదు. ఆ కాలంలో చీర అంచులో బొమ్మ రావాలంటే మగ్గానికి ఇద్దరు కావాలి. అడ్డదారం పట్టుకుపోయే నాడె విసిరే మనిషి ఒకరు, పైనుంచి దిగే తాళ్ళు లాగే మనిషి ఇంకొకరు. ఏ తాళ్ళు లాగితే ఆ పడుగు దారాలు లేస్తాయి, వాటి కిందినుంచి జరీ పోతుంది, అలా వరుస మీద వరుస పడి హంసో, మామిడిపిందో తయారవుతుంది. ఆ తాళ్ళు లాగేది అత్త. నాయన నాడె విసరబోయే ముందే ఆమె చేతిలో తాళ్ళ గుత్తి లేచి ఉండేది. ఇద్దరూ రోజంతా పోట్లాడుకునేవారు. "బిన్నా లాగక్కా, నిద్రపోతావుండావా?" అని ఆయన, "నీ చెయ్యే ముసిలిదైపోయిండాది, నన్నంటావేంది?" అని ఆమె. పోట్లాట ఆగిన రోజు మాకు భయం వేసేది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. మగ్గం మీద కూర్చున్నవాళ్ళకు మొదటి వడ్డన. అవ్వ పెట్టిన పద్ధతి అది. మగ్గం దిగి కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి నాయనకూ అత్తకూ పక్కపక్కన పళ్ళేలు పడేవి. ఆ తర్వాత పిల్లలం, చివర అమ్మ. ఆ రోజుల్లో మొగుడు పోయి పుట్టింటికి వచ్చిన ఆడదానికి ఏ ఇంట్లో ఎలాంటి కూడు దొరికేదో నేను వీధిలో చూశాను. పొయ్యి వెనక మిగిలిందేదో తినేవారు, పెళ్ళిపేరంటాలకు ముందుగదిలోకి వచ్చేవారు కాదు. మా అత్త మటుకు మొదటి వరుసలో కూర్చుని, సంగటిలో ఉప్పు తక్కువైందని అమ్మను గదమాయించేది. ఆమె నిటారుతనమంతా ఆ తాళ్ళలో ఉంది. ఆ సంగతి మాకెవరికీ తెలియదు, ఆమెకు తెలుసు.

జకార్డు పెట్టె మా వీధికి వచ్చినప్పుడు జనం జాతర చూసినట్టు చూశారు. కొత్తొక వింత, పాతొక రోత. మొదట చివరింటివాళ్ళు పెట్టించుకున్నారు, తర్వాత సావుకారు నాయనను తొందరపెట్టాడు. పెట్టెను మగ్గం పైన దూలానికి బిగించారు. దానికి గొలుసులా కుట్టిన అట్టలు వేలాడుతుండేవి, ప్రతి అట్టకూ నిండా చిల్లులు. కాలితో ఒక తొక్కుడు తొక్కితే అట్ట ఒకటి తిరిగి, ఏ దారాలు లేవాలో అవే లేచేవి. లాగే మనిషి అక్కరలేదు. బిగించడానికి వచ్చిన ఫిట్టరు మునియప్ప మమ్మల్నందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. "చిల్లుంటే సూది లోపలికి పోతాది, దారం లేస్తాది. చిల్లు లేకుంటే సూదిని అట్ట తోసేస్తాది, దారం కిందే ఉంటాది. ఉంది, లేదు. ఈ రెండే దానికి తెలిసింది." అవ్వ నమ్మలేదు. "హంసను చేసేదానికి హంసంటే ఏందో తెలవకుంటే ఎట్లప్పా?" అంది. "తెలవదవ్వా. చేస్తాదంతే," అన్నాడు మునియప్ప. ఆ రోజు సాయంత్రం నాయన పాత తాళ్ళన్నీ విప్పించాడు. అత్త దగ్గరుండి వాటిని చుట్టలు చుట్టి అటకెక్కించింది.

ఆమెను ఎవరూ ఏమీ అనలేదు, అది నిజం. నాయన మనసులో కల్మషం లేదు. కానీ పని లేని చేతులతో మగ్గం పక్కన ఎంతసేపని కూర్చుంటుంది? గుంట పక్కన నేలమీదికి దిగి నాడెలో పెట్టే దారం కండెలు చుట్టడం మొదలుపెట్టింది. ఆ పని అంతకుముందు నేనూ మా తమ్ముడూ చేసేవాళ్ళం. వడ్డన వేళ అమ్మ అలవాటుగా రెండు పళ్ళేలు పెట్టేది. అత్త వచ్చి కూర్చునేది గానీ ఉప్పు గురించి మాట్లాడడం మానేసింది. నాయన కొత్త పెట్టె మురిపెంలో ఉన్నాడు. వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పేవాడు. "మనిషైతే పరాకుపడతాడు, నిద్రపోతాడు. ఇది తప్పు చేసే మాటే లేదు." అత్త వింటూ కండె చుట్టుకునేది. పరాకుపడిన మనిషి ఎవరో చెప్పకపోయినా గదిలో ఉన్నది ఒక్కరే కదా.

దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు మా వీధిలో మగ్గాలు ఆగే రోజు. నాడె, పన్నె, రాట్నం, కత్తెర, చివరికి గంజికుండ కూడా కడిగి బొట్లు పెట్టేవాళ్ళం. బొట్టు లేకుండా ఏ పనిముట్టునూ వదలకూడదని అవ్వ శాసనం. ఆ ఏడు కొత్త పెట్టె ఉంది. దీనికి బొట్టు ఎక్కడ పెట్టాలని అమ్మ అడిగింది. అవ్వ ఆలోచించింది. "బొమ్మ యాడుండాది దీంట్లో?" అట్టల్లో ఉంది అన్నాడు నాయన. "అయితే అట్టలకే పెట్టు. ఒక్కటి గూడా వదలొద్దు. నడిమధ్యన పెట్టు, నొసట పెట్టినట్ల." బొట్టు రాలిపోతే అపశకునమని, పసుపు కుంకుమల్లో ఇంత గంజి కలపమంది. పడుగుకు పెట్టే గంజి, ఎండితే రాయిలా పట్టేస్తుంది. అమ్మ మధ్యాహ్నమంతా కూర్చుని ఒక్కో అట్టకూ నడిమధ్యన బొట్టు పెట్టింది. నేను గిన్నె పట్టుకున్నాను. హారతి వెలుగులో ఆ అట్టల గొలుసు పెళ్ళికూతురులా ఉందని అవ్వ మురిసిపోయింది, ఆమెకు కనిపించిందో లేదో గానీ.

మర్నాడు విజయదశమి, కొత్త పడుగు మొదలుపెట్టాడు నాయన. మా పేటలోనే ఒక పెళ్ళికి ముహూర్తం చీర. పసుపు ఒళ్ళు, ఎర్ర అంచు, అంచు పొడుగునా తలెత్తి నడిచే హంసలు. సావుకారు మరీ మరీ చెప్పి ఇచ్చిన పట్టు అది. మా మగ్గం మీద చీర ముఖం కిందికి ఉంటుంది, నేసేవాడికి వెనకవైపే కనిపిస్తుంది. అందుకని పాత రోజుల్లో నాయన రోజూ సాయంత్రం చీర కింద అద్దం పెట్టి బొమ్మ చూసుకునేవాడు, చూసి అక్కతో ఒక పోట్లాట పెట్టుకునేవాడు. పెట్టె వచ్చాక అద్దం గూట్లోనే ఉండిపోయింది. తప్పు చేయని దాన్ని రోజూ చూసేదేముంది?

సగం పైగా నేత అయ్యాక పెట్టెకు నూనె వేయడానికి మునియప్ప వచ్చాడు. వచ్చినవాడు ఊరికే ఉండక, తన పెట్టె పనితనం చూద్దామని వంగి చీర కిందికి తొంగిచూశాడు. లేవలేదు. కాసేపటికి, "ఏమప్పా, ఈ హంసల తలకాయలు ఎవురు నరికింది?" అన్నాడు. నాయన నవ్వాడు, ఎగతాళి అనుకున్నాడు. తర్వాత గూట్లో అద్దం తెచ్చి కింద పెట్టాడు. నేను ఆయన భుజం మీదుగా చూశాను. ప్రతి హంసకూ మెడ దగ్గర జరీ లేదు. తల వేరుగా, ఒళ్ళు వేరుగా, మధ్యలో ఎర్రటి సన్నని గీత, అంచు పొడుగునా. పెళ్ళిచీర మీద మెడలు తెగిన హంసలు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

మునియప్ప అట్టల గొలుసు చేత్తో తడిమి, గట్టిపడిన బొట్టును గోటితో గీకాడు. "బొట్టు పెడితిరా దీనికి? గంజి కలిపి?" అని నెత్తి కొట్టుకున్నాడు. "నడిమి చిల్లులన్నీ మూసుకుపోయిండాయి. మీరు భక్తితో మూస్తిరి, అది లేదనుకునింది. దానికి భక్తి తెలుస్తాదా, హంస తెలుస్తాదా? మెడ ల్యాకుండా నేయమని మీరే చెప్పినట్లయ్యింది." అవ్వ చాపమీద కూర్చుని రెండు చేతులూ జోడించింది, ఎవరికో తెలియదు.

అప్పుడు నాయన తల తిప్పి అత్తను చూశాడు. ఆమె గుంట పక్కన నేలమీద, తన చోట్లోనే ఉంది. అక్కడినుంచి తల కాస్త వంచితే చీర ముఖం కనిపిస్తుంది.

"అక్కా, నువ్వు రోజూ ఈడనే కూచుంటావు కదా. నీకు కనపడలేదా?"

"కనపడింది."

"ఎప్పుడు?"

"మొదటి హంసప్పుడే."

"మరి చెప్పకూడదా? నోరు లేదా నీకు?"

అత్త కండె పక్కన పెట్టింది. "అది తప్పు చేయదని నువ్వు ఊరంతా చెప్తివి కదప్పా. నేను చెప్తే పరాకున చూసినావంటావు. అడిగింటే చెప్దును. ఒక్కనాడన్నా అడిగితివా, ఎట్లుండాదక్కా బొమ్మ అని?"

కసితో అందో, బాధతో అందో నాకు ఆనాడు తెలియలేదు. రెండూ ఉంటాయని ఇప్పుడు అనిపిస్తుంది. తప్పు పడితే పెట్టె పోతుంది, తాళ్ళు మళ్ళీ అటక దిగుతాయి అని ఆమె మనసులో ఆశపడి ఉంటే నేను తప్పుపట్టను. ఎవరికుండదు ఆ ఆశ? నాయన వీధిలోకి వెళ్ళి అరుగుమీద కూర్చున్నాడు. చీర కోసేద్దామంటే రెండో చీరకు పట్టు లేదు, ముహూర్తం దగ్గరపడింది.

అత్త ఎవరినీ అడగలేదు. మిగతా చీర నేత పూర్తయి మగ్గం దిగేవరకు ఆగింది. ఆ రోజే మునియప్పా అమ్మా కలిసి అట్టలన్నీ గీకి, సూదితో చిల్లులు పొడిచి శుభ్రం చేశారు గనుక తర్వాతి హంసలు సరిగ్గానే వచ్చాయి. చీర దిగాక అత్త దాన్ని ఒళ్ళో పరుచుకుని సన్నసూదిలోకి జరీ ఎక్కించింది. హంస తర్వాత హంస, తెగిన ప్రతి మెడా చేత్తో కుట్టింది. వెలుతురు తగ్గితే అరుగుమీదికి జరిగేది, ఎండ వస్తే లోపలికి వచ్చేది. అన్నం కూడా అమ్మ ముద్దలు చేసి నోట్లో పెట్టింది. చీర తీసుకుపోయిన సావుకారు అంచు మీద వేలితో రాసి చూసి, ఈసారి హంసలు కొంచెం లావెక్కాయే అన్నాడు. అంతకుమించి ఎవరికీ ఏమీ తెలియలేదు. ఆ పెళ్ళి బాగానే జరిగింది, ఆ అమ్మాయి పిల్లాపాపలతో చల్లగా బతికింది.

దాంతో నాయన మనసు కరిగింది. తన లెక్కలో అక్కకు న్యాయం చేశాడు. గుంట పక్కన చిన్న పీట వేయించి, కింద అద్దం శాశ్వతంగా బిగించి, అక్కను కూర్చోబెట్టాడు. "నువ్వేమీ చేయొద్దక్కా. పక్కన కూచుని చూస్తే చాలు. తప్పు పడితే చెప్పు." అందరం సంతోషించాం. అమ్మ ఆ పూట పాయసం కూడా చేసింది. అత్త కూర్చుంది. చూసింది. పెట్టె మళ్ళీ తప్పు చేయలేదు. అట్ట తిరిగేది, హంస వచ్చేది, అద్దంలో మెడ సరిగ్గా ఉండేది. మళ్ళీ అట్ట తిరిగేది. తాళ్ళు లాగి లాగి కండ పట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, పొద్దున్నుంచి దీపాల వేళ దాకా ఆ అద్దం చూడడమే పని. మధ్యాహ్నాలు కళ్ళు మూతలు పడేవి, ఉలిక్కిపడి లేచి చుట్టూ చూసి నవ్వేది. అలసట పని చేస్తేనే వస్తుందనుకునేదాన్ని. ఏ పనీ చేయని మా అత్త ముఖంలో చూసినంత అలసట మరెక్కడా చూడలేదు.

కొన్ని నెలలు గడిచాక ఒక పొద్దున ఆమె పీట మీద కూర్చోలేదు. చీరలు రెండు మూటగట్టుకుని నడవలో నిలబడింది. దేవనహళ్ళిలో ఆమె అత్తింటివైపు మరిది ఒకాయన ఇంకా పాత మగ్గం మీదే నేస్తున్నాడు, తాళ్ళు లాగే మనిషి కావాలని కబురు పెట్టాడట. నాయన మగ్గం దిగి వచ్చాడు. "ఈడ నీకేం తక్కువ చేసినామక్కా? సుమ్మనే కూచోమంటి కదా!"

"అదే కదప్పా," అంది అత్త. "వాకిట్లో కుక్కకు గూడా మొరిగే పని ఉండాది. నాకు అదీ లేదు. సుమ్మనే కూచుని తినే కూడు గొంతు దిగదు."

నాయన ఆమె పనితనం గురించి చెప్పాడు, పెట్టె మళ్ళీ చెడుతుందేమోనన్నాడు, లోకులేమనుకుంటారన్నాడు. ఒక్కటీ ఆమెను పట్టి ఆపే మాట కాదు. బస్సు ఎక్కించి వచ్చి మగ్గం ఎక్కాడు. ఆ రోజంతా మగ్గం టకటకలు తప్ప ఇంట్లో మరో చప్పుడు లేదు.

ఇన్నేళ్ళకు మా వీధిలో మగ్గాలు లేవు. గంజి వాసన ఉండే చోట ప్లాస్టిక్ సామాన్ల గోడౌన్లున్నాయి. అట్టలు పోయి ఆ చిల్లులన్నీ ఎక్కడో కంప్యూటర్లలోకి చేరాయని సింధు చెప్పింది, ఉంది-లేదు అనే ఆ రెండు మాటలతోనే ఇదంతా నడుస్తోందట. మునియప్ప చెప్పిన పాఠమే, కొంచెం పెద్దదైంది. ఆ యంత్రానికి మనం తెలియక ఎక్కడెక్కడ బొట్లు పెట్టి చిల్లులు మూస్తున్నామో, మెడ తెగిన బొమ్మ ఏ పెళ్ళిచీర మీద వస్తుందో ఆలోచించే ఓపిక నాకు లేదు. నా దిగులు వేరే. వెళ్ళేముందు చెప్పులు వేసుకుంటూ ఆ పిల్ల, "మా టీమ్‌లో సగం మందిని పంపించేశారు జేజీ. మేం నేర్పిందే మా పని చేస్తోంది. నెక్స్ట్ నేనేనేమో," అని నవ్వింది. ఆ నవ్వు మా అత్త పీట మీద ఉలిక్కిపడి లేచినప్పటి నవ్వు. జాగ్రత్తమ్మా అన్నాను, వానొచ్చేలా ఉంది ఆటోలో పో అన్నాను. నేనూ మా నాయన కూతుర్నే.

దేవనహళ్ళికి కూడా పెట్టె వెళ్ళింది. వెళ్ళకుండా ఉంటుందా? అత్త వెళ్ళిన రెండుమూడేళ్ళకు ఆ మరిది ఇంట్లోనూ బిగించారని తెలిసింది. మర్నాడే నాయన మగ్గం ఆపి, నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కాడు. దారి పొడుగునా తనలో తానే పెదవులు కదుపుతూ కూర్చున్నాడు. ఊళ్ళో పాత కోట దాటి ఆ ఇంటికి వెళ్ళేసరికి అత్త పెరట్లో ఇంటిల్లిపాది అంట్లు తోముతోంది. బాగా చిక్కిపోయింది. మమ్మల్ని చూసి లేవకుండానే, బొగ్గుచేతుల్ని చీరకు తుడుచుకుని నన్ను దగ్గరికి తీసుకుంది.

"ఇంటికి పోదాం రాక్కా," అన్నాడు నాయన.

"ఏం పని ఉండాదప్పా ఆడ నాకు?"

"ఏం పనీ లేదు."

అత్త తలెత్తి చూసింది. నాయన అంట్ల పక్కనే, తడి నేలమీద చతికిలబడ్డాడు.

"నీకు చెప్పేదానికి ఏం పనీ లేదక్కా, బస్సులో దారంతా ఎతుక్కుంటా వస్తి, దొరకలేదు. పని ల్యాకుంటే నువ్వు మా అక్కవి కాకుండా పోతావా? నువ్వు కావాల. అంతే. లెయ్యి."

అత్త తోమిన చెంబును చేతిలోకి తీసుకుని ఒక తిప్పు తిప్పింది. తర్వాత దాన్ని కింద పెట్టి లేచి, "ఈ ఒక్క మాట ఆ పొద్దు అనింటే, నేను గడప దాటుదునా అప్పా?" అంది.